ఉక్కు పలకలు

పలక అనగానే మనకు జ్ఞాపకం వచ్చేది అక్షరాభ్యాసం. నల్లని రాతిపలక, దానికి చెక్క చట్రం, చేతిలో బలపం, తడిగుడ్డ మరచిపోయి అరచేతితో తుడిచి పంతులుగారిచేత దెబ్బలు తిన్న బాల్యం. ఇంకొక రకం పలక కూడ లోకంలో ఉన్నదనీ, దానికి కూడ ఓనమాలు దిద్దవలసి ఉంటుందనీ నేను యాభై దాటిన తరువాత, అదీ అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు ఒక బీడులో నిలబడి తెలుసుకొన్నాను. అక్కడి పలక ఉక్కుది. తెల్లరంగు పూసి, గుంజకు తగిలించి, ఎండలో నిలబెడతారు. దానిమీద గుర్తు పెట్టేది బలపం కాదు, పిస్తోలు తూటా. తూటా తగిలితే పలక ఖంగుమని పలుకుతుంది. పలుకుతుంది కనుకనే పలక అయినదా అని ఒక క్షణం వెర్రి వ్యుత్పత్తి తోచినది. విద్యార్థి ఎవడైనా పరీక్షలో అలా వ్రాస్తే సున్న వేసి ఉందును.

వేసవి సెలవులలో డల్లాసులో ఉన్న మా అక్కకొడుకు ఇంటికి వెళ్లినప్పటి సంగతి ఇది. ఒక ఆదివారం తెల్లవారకముందే అతడు నన్ను లేపి, "మామయ్యా, ఈవేళ అమ్మాయికి పోటీ ఉన్నది. మీరు కూడ వస్తే సంతోషిస్తుంది" అన్నాడు. అమ్మాయికి 14 ఏండ్లు. పాటల పోటీయో, పద్యాల పోటీయో అనుకొని కండువా వేసుకొని కారెక్కినాను. ఆ పిల్ల ఒడిలో ఉన్న నీలిరంగు సంచిలో ఏదో చిన్న వాద్యం ఉన్నదనుకొన్నాను. ఊరు దాటి గంట ప్రయాణం చేసిన తరువాత గాని అందులో ఉన్నది పిస్తోలని నాకు తెలియలేదు.

నాకు కోపం వచ్చినదని దాచను. ఆ దేశంలో తుపాకుల వలన జరిగే ఘోరాలు మన పత్రికలలో చదువుతూనే ఉన్నాము. బడులలో జరిగినవి మరీ దారుణాలు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాడెవడూ వాటిని చదివి నిశ్చింతగా నిద్రపోలేడు. "చదువుకొనే పిల్ల చేతికి ఇదా ఇచ్చేది?" అని అడిగినాను. నా మేనల్లుడు బదులు చెప్పేలోగా వెనుకనుండి ఆ పిల్లే అన్నది: "తాతయ్యా, మా బడిలో అప్పుడప్పుడు తలుపులు మూసి, దీపాలు ఆర్పి, మూలకు చేరి మాట్లాడకుండా కూర్చునే అభ్యాసం చేయిస్తారు. అప్పుడు నాకు భయం వేస్తుంది. ఇక్కడ వేయదు." ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయినది. ఇప్పుడూ లేదు. ఆనాడు నేను చూచినదీ, విన్నదీ, తరువాత అడిగి తెలుసుకొన్నదీ చెప్పడమే ఈ వ్యాసంలో నేను చేయగలిగినది.

మేము చేరిన చోటు మూడు వైపుల ఎత్తయిన మట్టికట్టలతో, ఒక వైపు తెరచి ఉన్న గదులవలె ఉన్నది. ఒక్కొక్క గదిలో ఐదేసి ఉక్కు పలకలు. మనుషులు నలభై మంది దాకా ఉన్నారు. తాతలు, యువతులు, పదేండ్ల పిల్లలు, చక్రాల కుర్చీలో ఒకాయన. అందరి కళ్లకు అద్దాలు, చెవులకు డిప్పలు. చూడవచ్చిన నాకు కూడ ముందుగా అవి పెట్టిన తరువాతనే లోపలికి రానిచ్చినారు. ఉక్కుకు తగిలిన సీసపు తూటా పొడి పొడి అయి చెదురుతుంది. ఆ తునకలు నేలవైపు పోయేటట్లు పలకలను కొంచెం ముందుకు వంచి బిగిస్తారు. అయినా ఏ తునక ఎటు వస్తుందో ఎవరు చెప్పగలరు? అద్దాలు లేని కన్ను ఆ ప్రాంగణంలో ఉండరాదని నియమం. పలకకు వాడే ఉక్కు కూడ మామూలు ఇనుము కాదు, గట్టిపరచినది. మెత్తని ఇనుమైతే గుంటలు పడి, ఆ గుంటలలో తగిలిన తునక తిరిగి కాల్చినవాని మీదికే వస్తుంది. సీసం విషం కనుక, ఆట ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనక ఏదీ నోట పెట్టరాదని పిల్లలకు మళ్లీ మళ్లీ చెప్పడం విన్నాను. మా పిల్లకు తెచ్చిన పులిహోర ఆ కారణాన మధ్యాహ్నం దాకా సీసాల సంచిలోనే ఉండిపోయినది.

ఈ క్రీడకు పుట్టిల్లు దక్షిణ కాలిఫోర్నియా. 1981లో మైక్ డాల్టన్, మికీ ఫౌలర్ అనే ఇద్దరు గురికాండ్రు దీనిని ప్రారంభించినారు. స్టీల్ చాలెంజ్ అని పేరు. 2007లో దీని నిర్వహణ అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం చేతికి వచ్చినది. నియమం ఇంత సులభమైనది మరొకటి ఉండదేమో: ఐదు పలకలను ఎంత త్వరగా కొట్టగలవో కొట్టు. కాగితపు గురులమీద రంధ్రాలు లెక్కించే పని లేదు, మార్కుల తగవు లేదు. తగిలితే పలుకుతుంది, తెల్లరంగుమీద నల్లని మచ్చ పడుతుంది. ఒకరి వంతు కాగానే మళ్లీ రంగు పూస్తారు. తరువాతి వానికి శుభ్రమైన పలక. మన బడులలో కూడ పాఠానికి పాఠానికి మధ్య పలక తుడిచేవారము.

ఏర్పాట్లు ఎనిమిది. వాటికి ఎనిమిది పేర్లు: ఫైవ్ టు గో, షోడౌన్, స్మోక్ అండ్ హోప్, ఔటర్ లిమిట్స్, యాక్సెలరేటర్, పెండ్యులం, స్పీడ్ ఆప్షన్, రౌండెబౌట్. ఏ ఊరిలో ఆడినా పలకల కొలతలు, దూరాలు ఇవే. అందువలన టెక్సాసులో ఒక బాలిక సాధించిన కాలాన్ని ఎక్కడో ఉన్న మరొకని కాలంతో సరిపోల్చవచ్చును. చదరంగంలో గళ్లు మారనట్లే. వీటిలో క్రొత్తవారికి ఇష్టమైనది స్మోక్ అండ్ హోప్. 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు గల నాలుగు పెద్ద పలకలు దగ్గరలోనే ఉంటాయి. వాటి మధ్య దూరంగా 12 అంగుళాల గుండ్రని పలక ఒకటి. మేటి గురికాండ్రు ఈ ఐదింటినీ రెండు సెకండ్ల లోపల కొడతారు. ఆ వేగంలో ఐదు మోతలు ఐదుగా వినబడవు, గుడ్డ చించినట్లు ఒక్క చప్పుడుగా వినబడుతుంది. పెండ్యులం దీనికి విరుద్ధం. అక్కడి చిన్న పలకలు దూరాన ఉంటాయి. తొందరపడినవానిని అది తప్పక అవమానిస్తుంది. ఔటర్ లిమిట్స్‌లో రెండు పలకలు 35 గజాల దూరాన ఉంటాయి, పిస్తోలు పట్టినవాడు ఒక చోట కొన్నింటిని కొట్టి మరొక చోటికి నడిచి తక్కినవి కొట్టవలె. చిన్న సంఘాలవారు నెలనెలా జరిపే పోటీలలో ఎనిమిదీ పెట్టరు, నాలుగో ఆరో పెడతారు. మేము వెళ్లిన నాడు నాలుగు.

ఐదింటిలో ఒకటి నిలుపుదల పలక. దానిని అన్నిటికంటె చివర కొట్టవలె. మిగిలినవాటిని ఏ వరుసలో కొట్టినా సరే. నిలుపుదల పలకకు తూటా తగిలినదా, ఆ వంతు ముగిసినట్లే. అంతకుముందు వదలిపెట్టిన పలక ఒక్కొక్కదానికి మూడేసి సెకండ్లు శిక్షగా కలుపుతారు. తరువాత వెనుకకు తిరిగి దానిని కొట్టినా ప్రయోజనం లేదు. కాలం కొలిచేది అధికారి చేతిలోని చిన్న యంత్రం. కీచుమని కూత వేసి, ప్రతి పేలుడునూ విని, చివరి పేలుడు ఎప్పుడు వినబడినదో సెకండులో నూరవ వంతు వరకు చూపుతుంది. ఒక్కొక్క ఏర్పాటులో ఐదు వంతులు కాల్చి, అందులో అన్నిటికంటె ఎక్కువ కాలం పట్టినదానిని కొట్టివేసి, మిగిలిన నాలుగింటిని కూడుతారు. ఔటర్ లిమిట్స్‌లో మాత్రం నాలుగు వంతులు, మూడు లెక్కకు వస్తాయి.

లెక్కల మాస్టర్లకు ఇది నచ్చుతుంది. ఒక పిల్ల మొదటి వంతు 5.2 సెకండ్లలో, రెండవది 4.8, మూడవది 6.9, నాలుగవది 4.6 సెకండ్లలో కొట్టినదనుకొందాం. ఐదవసారి 5.1 సెకండ్లలోనే ముగించినది గాని ఒక పలక తప్పిపోయినది. మూడు కలిపితే 8.1. అన్నిటికంటె ఎక్కువది అదే కనుక అది పోతుంది. మొత్తం 21.5. అనగా ఒక్క తప్పును ఈ ఆట మన్నిస్తుంది, రెండవదానిని మన్నించదు. ఇంకొక లెక్క కూడ ఉన్నది. తప్పిన పలకను అక్కడికక్కడే మళ్లీ కొట్టడానికి అరసెకండు చాలు, వదలి వెళితే మూడు సెకండ్లు. అయినా క్రొత్తవాడు తప్పిపోయినదని తెలిసి కూడ చేతి ఊపులో తరువాతి దానికి వెళ్లిపోతాడు. పరీక్షలో తప్పు వ్రాసినట్లు తెలిసీ కొట్టివేయడానికి మనసొప్పక పేజీ త్రిప్పే విద్యార్థులను నేను ఎంతమందినో చూచినాను.

ప్రారంభించేవారికి నా మేనల్లుడు మొదలు అక్కడివారందరూ చెప్పిన సలహా ఒకటే: .22 పిస్తోలుతో మొదలు పెట్టు. తూటా చవక, వెనుకతన్ను దాదాపు లేదు, శబ్దం స్వల్పం. రూగరు మార్క్ 4, బ్రౌనింగు బక్‌మార్క్ వంటివి అక్కడ ఎక్కువగా కనిపించినవి. రూగరు సంస్థ ఈ జాతి పిస్తోలును మొదట 1949లో చేసినదట. తాతకు ఉన్నది మనుమరాలికి వచ్చిన సందర్భాలు ఆ మైదానంలోనే ఉన్నవి. .22 వాడేవారు దానిని ఒరలో పెట్టుకొనరు. రెండు చేతులతో పట్టుకొని, ముందు నేలమీద పాతిన ఒక గుర్తువైపు మూతి ఉంచి, కూత కోసం ఎదురుచూస్తారు. పెద్ద తూటాల పిస్తోలువారు దానిని నడుముకున్న ఒరలో ఉంచి, రెండు చేతులూ భుజాలకు పైగా ఎత్తి నిలబడతారు. కూత వినగానే ఒరనుండి తీయవలె. క్రొత్తవారికి పొరపాటు జరిగేది ఆ తీయడంలోనే కనుక ఒర లేని ఆట మంచిదంటారు. దీనికితోడు ఐదారు మాగజీన్లు కావలె, వంతుకు ఒకటి చొప్పున. ఎనిమిది ఏర్పాట్లనూ ఒక్కటి కూడ తప్పకుండా కొట్టినవానికి సరిగ్గా 195 తూటాలు పడతవి. తప్పకుండా కొట్టే క్రొత్తవాడు లేడు కనుక మూడు వందలు తీసుకొని పోవడం మేలు.

ఇక్కడ మనవారికి ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పవలె. మా వెంట ఒక తెలుగు యువకుడు కూడ వచ్చినాడు. అక్కడ కంప్యూటరు ఉద్యోగం, చేతిలో తాత్కాలిక ఉద్యోగ వీసా. "ఒక్కసారి నేనూ కాలుస్తాను" అని ముచ్చటపడ్డాడు. నా మేనల్లుడు అతనిని తుపాకి ముట్టనీయలేదు. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం తాత్కాలిక వీసాపై ఉన్నవారు, వేట అనుమతిపత్రం కలిగి ఉండడం వంటి కొన్ని మినహాయింపులలోకి వస్తే తప్ప, తుపాకిని గాని తూటాను గాని వశంలో ఉంచుకొనరాదు. స్నేహితునిది ఒక నిమిషం చేతిలోకి తీసుకొన్నా నేరమే కావచ్చును. శాశ్వత నివాసులకు ఈ నిషేధం లేదు. సరదాకు కాల్చి, ఆ ఛాయాచిత్రాన్ని నలుగురికీ పంపి చిక్కులు తెచ్చుకొనడం ఎంత సులభమో ఊహించవచ్చును. పిల్లలను అమెరికాకు పంపుతున్న తల్లిదండ్రులు ఈ ఒక్క మాటైనా వారి చెవిన వేయడం మంచిది. నేను పర్యాటకుడను కనుక నాకు ఆ ప్రసక్తే లేదు. మా పిల్ల అక్కడ పుట్టినది. అయినా 18 ఏండ్లు నిండనివారు పిస్తోలు పట్టడానికి తల్లిదండ్రుల లిఖితపూర్వకమైన అనుమతి ఉండవలె, అదీ గురి అభ్యాసం వంటి పనులకు తాత్కాలికంగా మాత్రమే. ఆ కాగితం సంచిలో పిస్తోలు ప్రక్కనే ఉన్నది.

ఇక విద్య సంగతి. మొదటి రెండు ఏర్పాట్లలో మా పిల్ల బాగానే ఆడినది. నేను ఆమెకంటె ఆమె గురువుగా ఉన్న ఒక పెద్దావిడ మాటలను ఎక్కువ శ్రద్ధతో విన్నాను. "చేతిని త్రిప్పకు, కన్ను త్రిప్పు. చేయి తనంతట తానే వస్తుంది" అని ఆమె మాటిమాటికీ అనేది. ఒక పలకమీద తూటా విడిచిన క్షణంలోనే చూపు తరువాతి పలక నడిబొడ్డుకు చేరవలెనట. పిస్తోలు దాని వెనుక రావలెనట. ఇది నాకు వెంటనే అర్థమైనది. బిగ్గరగా చదివే విద్యార్థిని గమనించండి. బాగా చదివేవాని కన్ను నోటికంటె రెండు మూడు పదాలు ముందు ఉంటుంది. తడబడేవాని కన్ను పలుకుతున్న పదాన్నే పట్టుకొని వ్రేలాడుతుంది.

ద్రోణుడు పెట్టిన పరీక్ష తెలియని తెలుగువాడు లేడు. చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పక్షి తల మాత్రమే కనబడినదన్న అర్జునుడు గెలిచినాడు. ఆ మైదానంలో నిలబడి నేను ఆలోచించినది ఇది: ఆ కొమ్మమీద ఐదు పక్షులు ఉండి ఉంటే? ఒక్క తలనే చూస్తూ ఉండిపోయినవాడు అక్కడ ఓడిపోతాడు. ఒకదానిని పూర్తిగా చూడడం ఎంత అవసరమో, పని కాగానే దానిని పూర్తిగా వదలడం అంత అవసరం. క్రొత్తవారు చేసే తప్పు ఇక్కడే. తూటా తగిలినదో లేదో వినడానికి ఆగుతారు. ఆ ఆగడానికి ఎంత ఖర్చు అవుతుందో లెక్క వేద్దాం. పలక 18 గజాల దూరాన, అనగా 54 అడుగుల దూరాన ఉన్నదనుకొందాం. సెకండుకు సుమారు 1,000 అడుగుల వేగంతో పోయే తూటా అక్కడికి చేరడానికి సెకండులో ఇరవయ్యవ వంతు పడుతుంది. ఖంగుమన్న శబ్దం తిరిగి చెవికి చేరడానికి మరొక ఇరవయ్యవ వంతు. విన్నదానిని గ్రహించి కదలడానికి ఇంకా రెండు పదవ వంతులు. మొత్తం 0.3 సెకండు. ఐదవ పలక తరువాత పోవలసిన చోటు లేదు కనుక నాలుగు నిరీక్షణలు, 1.2 సెకండు. నాలుగైదు సెకండ్ల ఆటలో అది ఎంత భాగమో చూడండి. అయితే వినకుండా తగిలినదని ఎలా తెలుస్తుంది? పిస్తోలు పేలిన క్షణంలో గురిచుక్క ఎక్కడ ఉన్నదో చూడగలిగితే తెలుస్తుంది. అది చూడాలంటే పేలుడుకు కన్ను మూయరాదు. పది మందిలో తొమ్మండుగురు మొదట మూస్తారు. ఖాళీ పిస్తోలుతో, తూటాలన్నీ మరొక గదిలో పెట్టి, ఇంట్లో గోడకు అంటించిన కాగితపు చుక్కలమీద ఈ అభ్యాసం చేస్తారు. కొన్ని .22 పిస్తోళ్లకు ఖాళీగా మీట నొక్కితే లోపలి సూది దెబ్బ తింటుంది. అందుచేత తయారీదారు పుస్తకం చూచి గాని ఆ పని చేయరాదు.

మన దేశంలో ఈ పలకల ఆట పాతుకొనలేదు. మనకు ఉన్నది ఒలింపిక్ పద్ధతి. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం దానిని చూస్తున్నది. లోక్‌సభ మొదటి స్పీకరు మావలంకర్ గారు దాని స్థాపకులు. ఈ పలకల ఆటకు దగ్గరి చుట్టం ఆ పద్ధతిలోని 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్తోలు. అక్కడా ఐదు గురులే. వాటిని మొదట 8 సెకండ్లలో, తరువాత 6, చివరకు 4 సెకండ్లలో కొట్టవలె. 2012 లండన్ ఒలింపిక్సులో విజయ్ కుమార్ రజతం తెచ్చినది అందులోనే. అదే ఒలింపిక్సులో హైదరాబాదు వాసి గగన్ నారంగ్ రైఫిలులో కాంస్యం తెచ్చినాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణంలో భాగస్వామిని అయినది, వ్యక్తిగత పోటీలోనూ రజతం గెలిచినది. గురి నేర్వగోరే మన పిల్లలకు దారి గాలి పిస్తోలు, 10 మీటర్ల దూరం, ఒక మంచి శిక్షకుడు. అమెరికావారి పలకలను చూచి అసూయపడనక్కరలేదు. కన్ను, ఊపిరి, వ్రేలు చేసే పని రెంటిలోనూ ఒక్కటే.

మూడవ ఏర్పాటులో జరిగినదే నేను ఈ వ్యాసం వ్రాయడానికి కారణం.

అక్కడ ఆజ్ఞలు మన బడిగంటవలె మారనివి. "మేక్ రెడీ" అంటారు. అంతవరకు సంచి నుండి తుపాకి బయటికి రాదు. "ఆర్ యు రెడీ?" "స్టాండ్ బై." ఆపైన ఒక సెకండో నాలుగు సెకండ్లో నిశ్శబ్దం. ఆపైన కూత. ముగిసిన తరువాత తూటాలు తీసి, ఖాళీ గదిని అధికారికి చూపి, ఆయన చూచినానన్న తరువాత గాని తుపాకిని సంచిలో పెట్టరాదు. ఇవన్నీ మా పిల్ల తప్పకుండా చేసినది. మూడవ ఏర్పాటు రెండవ వంతులో, మూడవ పలక కొట్టినాక, ఖాళీ గుల్ల ఒకటి బయటికి పడక పిస్తోలులో ఇరుక్కొన్నది. .22తో ఇది మామూలే. ఆమె దానిని సరిచేయడానికి ఎడమచేతితో వెనుకభాగం లాగబోయినది. లాగే వీలుకోసం పిస్తోలును అడ్డంగా త్రిప్పినది. కుడిచేతివాటంవారు అలా చేస్తే తుపాకి మూతి ఎడమకు తిరుగుతుంది. ఎంత తిరిగినదో నాకు కనబడలేదు. అధికారికి కనబడినది. "స్టాప్!" అన్నాడు. ఆ కేకకు నా గుండె ఆగినంత పని అయినది.

తుపాకి మూతి ఎప్పుడూ పలకల వెనుకనున్న మట్టికట్టవైపే ఉండవలె. కాల్చేవాడు నిలిచిన చోటునుండి రెండు ప్రక్కలకు గీటు గీసినట్లు భావించి, మూతి ఆ గీటు దాటినదా, ఆనాటికి ఆట సరి. మీటమీద వ్రేలు లేదు, లోపల పేలగల తూటా లేదు, ప్రక్కన మనిషి లేడు. వీటిలో ఏదీ లెక్కకు రాదు. తుపాకి జారి క్రిందపడినా ఇదే, అనుకోకుండా పేలినా ఇదే. అమెరికా గురికాండ్రలో జెఫ్ కూపర్ అని ఒకాయన ఉండేవాడు. 1920లో పుట్టి 2006లో పోయినాడు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు అక్కడ పిల్లలకు కూడ కంఠస్థం. ప్రతి తుపాకి నిండినదే అనుకో. నాశనం చేయదలచనిదాని వైపు మూతి త్రిప్పకు. గురి కుదిరేవరకు వ్రేలు మీటమీద పెట్టకు. గురి ఏమిటో, దాని వెనుక ఏమున్నదో తెలుసుకో. ఒకటి తప్పినా మరొకటి కాపాడుతుందని ఆ ఏర్పాటు.

అధికారి తెల్లగడ్డం వృద్ధుడు. తూటాలు తీయించి, సంచి మూయించి, పిల్ల ఎదుట వంగి, మెల్లగా, ఏమి జరిగినదో చేతితో చూపి చెప్పినాడు. ఆమె తల ఊపినది. కళ్లలో నీళ్లు నిండినవి. నేను ఉండబట్టలేక మేనల్లునితో, "చిన్నపిల్ల, రెండవ పోటీ. మందలించి వదలిపెట్టకూడదా? నీవైనా ఒక మాట అనరాదా?" అన్నాను. ముప్పై ఏండ్లుగా విద్యార్థుల ఆలస్యాలనూ, మరచిపోయిన పుస్తకాలనూ మన్నించి మన్నించి అలవాటు పడిన నోరు నాది.

"మామయ్యా, పలక తప్పితే మూడు సెకండ్లు కలిపి సరిపెట్టుకొంటాము. ఇది తప్పితే ఏమి కలిపి సరిపెడతాము?" అన్నాడు అతడు.

నాకు తోచిన బదులేమీ లేదు. ఆ వృద్ధుడే తరువాత నా దగ్గరకు వచ్చి, తన్ను కూడ ఒకనాడు ఇలాగే ఇంటికి పంపినారనీ, ఆనాడు తన వయస్సు నలభై దాటినదనీ చెప్పినాడు. పిల్లను ఇంటికి వెళ్లమనలేదు. కాల్చే హక్కు పోయినది గాని ఉండే హక్కు పోలేదు. ఆమె కాసేపు కారు నీడన కూర్చుని ఏడ్చినది. తరువాత లేచి వచ్చి, రంగుడబ్బా ఒకటి అడిగి తీసుకొన్నది. మిగిలిన రెండు ఏర్పాట్లలో, "రేంజ్ ఈజ్ క్లియర్" అని అధికారి అన్నప్పుడల్లా ముందుకు పరుగెత్తి, పలక పలకకూ తెల్లరంగు చల్లి వచ్చినది. పలకలను అంత దగ్గరగా ఆమె అదివరకు చూచి ఉండదు. ఒకసారి నన్ను పిలిచి, ఒక పలకమీద మచ్చలన్నీ ఎడమ అంచునే ఉండడం చూపి, "తాతయ్యా, ఈయన కన్ను తొందరగా కదలలేదు, చేయి తొందరగా కదిలింది" అన్నది.

ఇంటికి వచ్చేటప్పుడు ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. చేతులు రెండుసార్లు కడుగుకొన్నా ఆమె గోళ్ల సందులలో తెల్లరంగు పోలేదు. పులిహోర చెంచాతో తిన్నది.

నేను స్వదేశం వచ్చిన నెల తరువాత ఒక రాత్రి ఫోనులో ఫలితాల పట్టిక వచ్చినది. ఆ క్రీడలో నైపుణ్యాన్ని బట్టి అత్యున్నతశ్రేణి మొదలు డి వరకు తరగతులు ఉన్నవి. నలభై శాతం అందుకొనలేనివారిది డి. మా పిల్ల పేరు పట్టికలో క్రిందనుండి మూడవది. నాలుగు ఏర్పాట్లు, మొత్తం 97 సెకండ్లు. దానిక్రింద తెలుగులో, మూడు తప్పులతో, ఆమె స్వయంగా వ్రాసిన వాక్యం: "ఈసారి చివరిదాకా ఉండనిచ్చారు తాతయ్యా."

తప్పులు దిద్దకుండా దాచుకొన్నాను.